ఏడో ప్రశ్న: ఒక భూగర్భ జల పరిశోధన వ్యాసం అచ్చయ్యేదాకా గడిచిన 19 నెలలు

2022 మార్చి 14న జర్నల్‌కు పంపిన మా వ్యాసం 2023 అక్టోబరు 19న ప్రచురితమైంది. ఈ 19 నెలల్లో ఎక్కువ కాలం ఎదురుచూపులోనే గడిచింది. అయితే మధ్యలో, జర్నల్ తరఫున వ్యాసాన్ని పరిశీలించిన ఒక సమీక్షకుడు అడిగిన ఏడో ప్రశ్న మా కొలతల నిజాయితీనే అనుమానించింది. ఆ అనుమానంలో న్యాయం ఉందని చివరకు మేమే ఆధారాలతో ఒప్పుకోవలసి వచ్చింది. అటువంటి స్థితిలో పడిన పరిశోధకుడికి ఏ దశలో ఏం ఎదురవుతుందో, ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పేవారు అప్పట్లో నాకు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు తేదీలతో సహా రాస్తున్నాను.

మా పని గట్టి రాతి ప్రాంతంలో, అంటే గ్రానైటు పగుళ్లలోనూ, దాని పైన రాయి శిథిలమై ఏర్పడిన పొరలోనూ (శిథిల పొర) నిలిచే నీటి మీద. 2017 జనవరి నుంచి 2020 డిసెంబరు దాకా 24 పరిశీలక బావుల్లో నెలకొకసారి టేపుతో నీటిమట్టం కొలిచాం. అవి 1,152 కొలతలు. ఇవి కాక మరో నాలుగు బావుల్లో గంటకొకసారి నీటి పీడనాన్ని నమోదు చేసే లాగర్లు పెట్టాం. ఏడాదికి రెండుసార్లు 24 బావుల నీటిని ప్రయోగశాలకు పంపాం. వానాకాలంలో నీటిమట్టం ఎంత పైకి లేచిందో చూసి, దాన్ని ఆ పొర స్పెసిఫిక్ యీల్డ్‌తో, అంటే తన పరిమాణంలో ఎంత వంతు నీటిని అది వదలగలదో ఆ నిష్పత్తితో, గుణిస్తే భూమిలోకి ఎంత నీరు ఇంకిందో తెలుస్తుంది. మట్టం 4 మీటర్లు లేచి, స్పెసిఫిక్ యీల్డ్ 0.015 అయితే ఇంకింది 60 మిల్లీమీటర్లు. లెక్క చూడటానికి తేలికే గానీ, దాని బలమంతా ఆ 4 మీటర్ల అంకె ఎంత నిజమో దాని మీదే ఆధారపడుతుంది.

వ్యాసంలో మూడు నిర్ధారణలు చేశాం. వాటిలో మూడోది నాకు ప్రాణం. శిథిల పొర మందంగా ఉన్న ఒక పట్టీలో, వాన తగ్గిన 2020లో కూడా ఇంకుడు తగ్గలేదని అందులో చెప్పాం. వ్యాసం శీర్షిక కూడా దాని మీదే పెట్టాం.

మార్చి 14న పంపిన వ్యాసం మార్చి 23న, సమీక్షకుల దాకా వెళ్లకుండానే తిరిగి వచ్చింది. మూల దత్తాంశం, అంటే అసలు కొలతలు, ఎక్కడ లభిస్తుందో చెప్పే ప్రకటన చేర్చలేదన్నది కారణం. ‘అడిగిన వారికి ఇస్తాం’ అని ఒక వాక్యం రాసి రెండు రోజుల్లో మళ్లీ పంపాను. ఆ వాక్యం ఎంత తేలిగ్గా రాశానో తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత దాదాపు ఐదు నెలలు జర్నల్ పోర్టల్‌లో ‘సమీక్షలో ఉంది’ అన్న ఒక్క మాటే కనిపించింది. దాని పక్కన ఉన్న తేదీ మాత్రం అప్పుడప్పుడు మారేది. మారినప్పుడల్లా నిర్ణయం వచ్చేసిందని గుండె దడదడలాడేది. కొత్త సమీక్షకుడికి ఆహ్వానం పంపినా, గుర్తు చేస్తూ లేఖ పంపినా కూడా ఆ తేదీ మారుతుందని సంపాదకవర్గంలో పనిచేసిన ఒక మిత్రుడు చాలా ఆలస్యంగా చెప్పాడు. ఆ తేదీని చూసి ఏమీ ఊహించుకోనక్కరలేదు.

ఆగస్టు 22న నిర్ణయం వచ్చింది: పెద్ద సవరణలు, 60 రోజుల గడువు. మొదటి సమీక్షకుడు రెండు పేజీల్లో మెచ్చుకుంటూ చిన్న చిన్న దిద్దుబాట్లు సూచించాడు. రెండో సమీక్షకుడు 14 ప్రశ్నలు వేశాడు. వాటిలో ఏడోదానికి రెండు భాగాలున్నాయి. మొదటి భాగం ఇది: 192 నీటి నమూనాల్లో 31 నమూనాలకు ధనాయాన్ల (సోడియం వంటి ధనావేశ కణాల) మొత్తం, ఋణాయాన్ల (ఋణావేశ కణాల) మొత్తం దశాంశ స్థానాలతో సహా సమానంగా ఉన్నాయి, సోడియంను నిజంగా కొలిచారా? రెండో భాగం ఇది: 9వ, 14వ బావుల్లో 2020 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు నెలనెలా నీటిమట్టం మారిన తీరు, 2019లో అవే నెలల్లో మారిన తీరుతో సెంటీమీటరు తేడా లేకుండా సరిపోతోంది, దీనికి రచయితలు వివరణ ఇవ్వగలరా? సంపాదకురాలు తన లేఖలో ఒకే ఒక్క పేరా చేర్చారు. ఏడో ప్రశ్నకు ఇచ్చే జవాబును కోప్, అంటే 1997లో ఏర్పడిన ప్రచురణ నైతికతా కమిటీ, నిర్దేశించిన క్రమం ప్రకారం పరిశీలిస్తామనీ, జవాబు సంతృప్తికరంగా లేకపోతే రచయితల సంస్థకు తెలియజేయవలసి ఉంటుందనీ రాశారు.

మొదట నాకు కోపం వచ్చింది. నాలుగేళ్లు ఎండనకా వాననకా తిరిగి తెచ్చిన అంకెలను, ముఖం కూడా తెలియని ఒకరు తప్పుపడుతున్నారని అనిపించింది. ఆ రాత్రే రెండు పేజీల ఘాటైన జవాబు రాసి పెట్టుకున్నాను. మర్నాడు ఉదయం 9వ బావి అంకెలు పక్కపక్కన పెట్టి చూశాను. 2019లో 7.40, 7.95, 8.15 మీటర్లు. 2020లో 7.43, 7.98, 8.18. అక్టోబరు దాకా ఏడు నెలలూ అదే 3 సెంటీమీటర్లు. 14వ బావిలో అన్ని నెలలకూ 4 సెంటీమీటర్లు. బావిలో నీరు అలా ప్రవర్తించదు. రాసి పెట్టుకున్న జవాబును చెరిపేశాను. ఆ రోజు నేను మరే పనీ చేయలేకపోయాను.

మా దత్తాంశాన్ని మేమే పరీక్షించుకోవాలని నిర్ణయించుకున్నాక, నాతో చదువుకున్న ఒక మిత్రురాలికి ఫోన్ చేశాను. ఆమె ఫోరెన్సిక్ అకౌంటెంటు. సంస్థల పద్దుల్లో దాగిన మోసాలను వెలికితీయడం ఆమె వృత్తి. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, నేను ఇప్పటికే ఏవైనా దిద్దానా అని. ఇంకా లేదన్నాను. మూల పత్రాల్లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దనీ, ప్రతిదానికీ నకలు తీసి ఆ నకలు మీదే పనిచేయమనీ, చూసిన ప్రతి విషయాన్నీ తేదీ, సమయంతో ఒక పుస్తకంలో రాయమనీ గట్టిగా చెప్పింది. బావుల దగ్గర కొలతలు రాసుకునే ఫీల్డు పుస్తకాలన్నిటినీ స్కాన్ చేయడానికే నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులే తర్వాత మమ్మల్ని కాపాడాయి.

ఆమె రంగంలో బెన్‌ఫర్డ్ సూత్రానికి పేరుంది. సహజంగా పోగుపడిన అంకెల్లో మొదటి స్థానంలో 1 సుమారు 30 శాతం సార్లు, 9 సుమారు 4.6 శాతం సార్లు వస్తాయన్నది దాని సారం. 1881లో ఖగోళ శాస్త్రవేత్త సైమన్ న్యూకూంబ్ దాన్ని గమనించగా, 1938లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ బెన్‌ఫర్డ్ విస్తృతంగా పరీక్షించాడు. నేను దాన్ని ఎక్కడో చదివి ఉన్నాను కాబట్టి వెంటనే మా నీటిమట్టాల మీద ప్రయోగించబోయాను. ఆమె ఆపింది. అంకెలు ఒకటి నుంచి వేలు, లక్షల దాకా విస్తరించినప్పుడే ఆ సూత్రం వర్తిస్తుంది. మా నీటిమట్టాలన్నీ 3 మీటర్ల నుంచి 14 మీటర్ల లోపే ఉన్నాయి కాబట్టి దానితో ఏమీ తేలదు, పైగా లేని తప్పు ఉన్నట్టు కనిపించవచ్చు. ఎవరైనా ఈ దారి పట్టేటట్లయితే ఈ జాగ్రత్తను మరచిపోవద్దని నా మనవి.

బదులుగా చివరి అంకెను చూడమంది. చీకటి బావిలోకి టేపు దించి సెంటీమీటర్లలో చదివే మనిషి, తనకు తెలియకుండానే 0, 5 దగ్గర ఆగుతాడు. అది మోసం కాదు, చేతి అలవాటు. చివరి అంకెలన్నీ సమానంగా వస్తే 0, 5 రెండూ కలిసి 20 శాతం ఉండాలి. మా 1,152 కొలతల్లో అవి 402, అంటే సుమారు 35 శాతం. ఈ అంకె చూసి నేను కంగారుపడితే ఆమె మాత్రం ఊరట పడింది. నిజంగా బావి దగ్గర నిలబడి కొలిచిన గుర్తు అదేనంది. తర్వాత ఒక్కో బావినీ, ఒక్కో ఏడాదినీ విడదీసి చూశాం. 9, 14 బావుల్లో 2020 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 0, 5 దాదాపు మాయమయ్యాయి. వాటి స్థానంలో 9వ బావిలో 3, 8, 14వ బావిలో 4, 9 గుట్టపడ్డాయి. 0, 5 తో ముగిసే పాత అంకెలకు 3 కలిపితే 3, 8 వస్తాయి. 4 కలిపితే 4, 9 వస్తాయి. అదే పరీక్షలో సమీక్షకుడు గుర్తించని మూడో బావి కూడా బయటపడింది. 21వ బావిలో ఒక నెల 3, మరుసటి నెల 4 చొప్పున కలిపి ఉంది. మూడు బావులు, ఏడు నెలలు, మొత్తం 21 కొలతలు. వాటిలో 0 లేదా 5 తో ముగిసింది ఒకే ఒక్కటి.

ఆ ఒక్కటే మా కథలో కీలకమైంది. దాన్ని పట్టి చూపినవారు జల శాస్త్రవేత్త కారు. మా విద్యాసంస్థలోనే క్రైస్తవ దైవశాస్త్ర విభాగంలో కొత్త నిబంధన గ్రీకు రాతప్రతుల మీద జీవితమంతా పనిచేసిన ఒక ఆచార్యులున్నారు. గ్రంథాలయంలో ఫీల్డు పుస్తకాల స్కాన్లు పరచుకుని కూర్చున్న నన్ను చూసి, ఏం వెతుకుతున్నానని అడిగారు. ఒక పుస్తకం మరొక పుస్తకం నుంచి నకలు చేశారా లేదా అని వెతుకుతున్నానన్నాను. “అదే కదా నేను చేసే పని,” అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

గ్రీకు కొత్త నిబంధనకు 5,000కు పైగా రాతప్రతులున్నాయి. ఏది దేన్ని చూసి రాసినదో తేల్చడానికి, రెండు ప్రతుల్లోనూ సరిగ్గా ఉన్న పాఠం ఏమీ నిరూపించదని ఆయన వివరించారు. సరైన పాఠం ఇద్దరికీ వేరువేరుగా అందవచ్చు. కానీ ఇద్దరూ ఒకే చోట, ఒకే విచిత్రమైన తప్పు చేస్తే ఆ ప్రతుల మధ్య చుట్టరికం ఉన్నట్టే. “మీ పుస్తకాల్లో సరిపోయిన అంకెలను వదిలేయండి. 2019లో జరిగిన తప్పు ఏదైనా ఉంటే, అది 2020లో ఉందేమో చూడండి,” అన్నారు.

తప్పు ఉంది. 2019 జులైలో 14వ బావి కొలతను కేసింగ్ (బావిలో దించిన గొట్టం) అంచు నుంచి కాకుండా నేల మీది నుంచి తీశారు. ఆ బావి కేసింగ్ నేలకు 62 సెంటీమీటర్లు పైకి ఉంటుంది. అందువల్ల 5.83 రావలసిన చోట ఫీల్డు పుస్తకంలో 5.21 ఉంది. ఆ నెలలోనే గమనించి, కంప్యూటరులోని పట్టికలో 62 సెంటీమీటర్లు కలిపి, పక్కన గమనిక రాసుకున్నాను. 2020 జులై పుట తీశాం. 14వ బావి ఎదురుగా 5.25 అని ఉంది. కేసింగ్ అంచు నుంచి కొలిస్తే ఆ అంకె రావడానికి ఆస్కారం లేదు. నేల మీది నుంచి తీసిన పాత 5.21కి 4 కలిపితే సరిగ్గా వస్తుంది. 5 తో ముగిసిన ఆ ఒక్క కొలతా ఇదే.

అంతకంటే నన్ను కుంగదీసింది నా చేతిరాత. కంప్యూటరు పట్టికలో ఆ 5.25ను నేనే 5.87గా మార్చి, ‘మళ్లీ అదే పొరపాటు, 62 సెం.మీ. కలిపాను’ అని రాసుకున్నాను. ఎగుడుదిగుడుగా కనిపించిన చోట సాఫీ చేసేశాను. సరిగ్గా అక్కడే నకలు బయటపడవలసింది. ఆచార్యులు నా ముఖం చూసి మార్కు సువార్త 1వ అధ్యాయం 2వ వచనం గురించి చెప్పారు. ప్రాచీన ప్రతుల్లో అక్కడ ‘ప్రవక్తయైన యెషయా’ అని ఉండగా, తర్వాతి చాలా ప్రతుల్లో ‘ప్రవక్తలు’ అని ఉంది. ఉటంకించిన మాటల్లో కొంత మలాకీ గ్రంథంలోనిది కావడంతో, ఎవరో వ్రాయసగాడు సదుద్దేశంతోనే దాన్ని సరిచేశాడన్నది పరిష్కర్తల అభిప్రాయం. అందుకే ఇబ్బందిగా ఉన్న పాఠాన్నే ముందుగా నమ్మాలని పాఠ పరిష్కరణలో, అంటే ప్రతులను పోల్చి అసలు పాఠాన్ని తేల్చే విద్యలో, ఒక నియమం ఉంది. 18వ శతాబ్దంలో జర్మన్ పండితుడు బెంగెల్ దాన్ని సూత్రీకరించాడు. “మీరు చెడ్డ వ్రాయసగాడేమీ కాదు. మంచి వ్రాయసగాళ్లే ఎక్కువ చెరిపేస్తారు,” అన్నారు. ఆయన ఓదార్చడానికే అన్నా, నాకు అది చాలాకాలం గుచ్చుకుంది.

వెళ్లేముందు ఆయన మరో మాట అడిగారు. మిగతా పుటల్లో తడి వేళ్ల మరకలు, మట్టి గీతలు, రెండు మూడు రకాల సిరా కనిపిస్తుంటే, ఈ ఏడు నెలల్లో ఈ మూడు గడులు మాత్రం ఒకే సిరాతో ఇంత శుభ్రంగా ఎందుకున్నాయని. అసలు పుస్తకాలు తెప్పించి చూశాను. నిజమే. నాలుగేళ్లుగా ఆ పుస్తకాల్లో అంకెలను చూశాను గానీ కాగితాన్ని ఎప్పుడూ చూడలేదు.

సెప్టెంబరు 21న, ఆ బావుల కొలతలు తెచ్చే మా క్షేత్ర సహాయకుడితో మాట్లాడాను. ఆయన నాకంటే వయసులో పెద్ద, 11 ఏళ్లుగా మాతో పనిచేస్తున్నారు. ఆ సంభాషణ ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులు వాయిదా వేశాను. చివరకు నిందించకుండా అడగాలని నిశ్చయించుకుని, “అన్నా, 2020 ఏప్రిల్ నుంచి ఆ మూడు బావుల దగ్గరికి మీరు వెళ్లగలిగారా?” అన్నాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “లేదు సార్. కరోనా అని ఆ బావులున్న ఆవరణ గేటు తీయలేదు. ఖాళీ వదిలితే మీ పట్టిక ఒప్పుకునేది కాదు. ఆ నెల డబ్బు కూడా తగ్గేది. రెండేళ్లుగా మీరు అడుగుతారేమోననే చూస్తున్నాను,” అన్నారు.

రెండూ నిజాలే. ఎన్ని కొలతలు తెస్తే అంత చెల్లింపు అన్న పద్ధతి నేనే పెట్టాను. ఏ గడి ఖాళీగా ఉన్నా పట్టిక భద్రం కాకుండా కట్టుదిట్టం చేసింది కూడా నేనే. ‘కొలవలేకపోయాను’ అని రాయడానికి నా పట్టికలో చోటు లేదు. ఆయన చేసింది తప్పు కాదని నేను అనను. అయితే ఆ తప్పుకు నేను ఇచ్చిన చోటు ఎంతో ఆ రోజు నాకు స్పష్టంగా తెలిసింది. సహరచయితలతో మాట్లాడి, మా సంస్థలో పరిశోధన నైతికత చూసే విభాగానికి జర్నల్ చెప్పకముందే మేమే లిఖితపూర్వకంగా తెలియజేశాం. వారు ఆరు వారాల్లో విచారణ ముగించి, చెల్లింపు పద్ధతిని మార్చమని ఆదేశించారు. సహాయకుడు పనిలో కొనసాగుతున్నారు. ఇప్పుడు చెల్లింపు కొలతకు కాదు, బయలుదేరి వెళ్లిన రోజుకు.

ఇక సోడియం సంగతి తొందరగానే తేలింది. నీటి విశ్లేషణలో ధనాయాన్ల, ఋణాయాన్ల మొత్తాలు ఒకదానికొకటి సరిపోవాలి గానీ, కొలతల్లో సహజంగా ఉండే దోషాల వల్ల కొంత తేడా తప్పదు. సాధారణంగా 5 శాతం లోపు ఉంటే అంగీకరిస్తారు. తేడా సున్నా వచ్చిందంటే ఏదో ఒక అయాన్‌ను కొలవకుండా తీసివేత ద్వారా రాబట్టారని అనుమానించాలి. ప్రయోగశాలకు రాస్తే 17 రోజులకు జవాబు వచ్చింది. ఆ నమూనాలు వెళ్లినప్పుడు సోడియంను కొలిచే ఫ్లేమ్ ఫొటోమీటరు పనిచేయలేదు, సోడియంను లెక్కగట్టి ఇచ్చారు. ఆ మాట నివేదిక రెండో పుట అడుగున ఒక పంక్తిలో ఉంది కూడా. నేను మొదటి పుటలోని పట్టికనే దించుకున్నాను. మళ్లీ పరీక్షిద్దామంటే, ఆమ్లం కలిపి ఉంచిన నమూనాలకు సాధారణంగా పాటించే 6 నెలల గడువు ఎప్పుడో దాటిపోయి, సీసాలు ఖాళీ చేసేశారు. 31 నమూనాల సోడియం విలువలను తొలగించడం తప్ప దారి లేదు. కొలత బాగా కుదిరినప్పుడు సంతోషపడటం మాని, ఎందుకింత బాగా కుదిరిందని అడగవలసింది ఇటువంటి చోటే.

మూడో నిర్ధారణ సంగతే మిగిలింది. ఆ పట్టీలో చేతితో కొలిచే బావులు నాలుగు. వాటిలో మూడు పోయాయి. నాలుగోదైన 22వ బావిలో నీటిమట్టం 2020లో స్పష్టంగా తగ్గింది. దాన్ని స్థానిక కారణమని ఒక్క వాక్యంలో దాటేశాం. అదే పట్టీలో ఒక లాగరు బావి కూడా ఉంది. గాలి పీడనాన్ని నమోదు చేసే పరికరం 2020లో పాడవడంతో దాని రికార్డును నమ్మదగినది కాదని పక్కన పెట్టాం. నీటిలో ఉండే లాగరు తన పైనున్న నీటి బరువుతో పాటు గాలి బరువును కూడా కలిపి చూపిస్తుంది కాబట్టి, గాలి పీడనాన్ని తీసివేయకపోతే లెక్క తప్పుతుంది. పరికరాల ఇంజనీరింగ్ తెలిసిన మా సహోద్యోగి ఈ మాట విని, ఎంత తప్పుతుందో లెక్కగట్టారా అని అడిగాడు. గట్టలేదు. గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణమైన హెక్టోపాస్కల్ ఒక్కటి మారితే అది సుమారు 1.02 సెంటీమీటర్ల నీటికి సమానం. గాలి పీడనం 20 హెక్టోపాస్కల్‌లు మారినా తప్పు 20 సెంటీమీటర్ల పైచిలుకే. దగ్గరలోని వాతావరణ కేంద్రం రికార్డు తెచ్చి అతడు ఒక మధ్యాహ్నంలో సరిచేశాడు. ఆ బావిలో మట్టం 2019లో 3.9 మీటర్లు లేవగా, 2020లో 2.2 మీటర్లే లేచింది. స్పెసిఫిక్ యీల్డ్ 0.015గా తీసుకుంటే ఇంకుడు 58.5 నుంచి 33 మిల్లీమీటర్లకు పడిపోయింది. మా మూడో నిర్ధారణకు సరిగ్గా వ్యతిరేకం. సాక్ష్యం మొదటి నుంచీ మా దగ్గరే ఉంది. నచ్చిన అంకెలను ప్రశ్నించకుండా, నచ్చనిదాన్ని పరికరం మీదికి నెట్టేశాను.

గడువు చాలదని అక్టోబరు 10న 45 రోజులు అదనంగా అడిగాను. అడగడానికి వారం రోజులు జంకాను గానీ, రెండు రోజుల్లోనే ఒప్పుకుంటూ జవాబు వచ్చింది. డిసెంబరు 5న సవరించిన వ్యాసాన్నీ, 31 పుటల జవాబు లేఖనూ పంపాను. సమీక్షకుల ప్రతి ప్రశ్ననూ అక్షరం మార్చకుండా పెట్టి, దాని కింద జవాబు, వ్యాసంలో అది ఏ పంక్తిలో ఉందో రాయాలి. మార్పులు చేసిన కొద్దీ పంక్తుల సంఖ్యలు జరిగిపోతాయి కాబట్టి, ఆ సంఖ్యలను అన్నిటికంటే చివర నింపుకోవడం మంచిదని రెండుసార్లు మొదటినుంచి దిద్దాక తెలుసుకున్నాను. ఏడో ప్రశ్న జవాబులో ఏమీ దాచలేదు. సమీక్షకుడు అడగని 21వ బావి, నేను కలిపిన 62 సెంటీమీటర్లు, పక్కన పెట్టిన లాగరు, అన్నీ రాశాం. సంపాదకురాలు ఫీల్డు పుస్తకాల స్కాన్లు అడిగారు. అవి అప్పటికే సిద్ధంగా ఉండటంతో అదే రోజు పంపగలిగాను.

2023 ఫిబ్రవరి 24న తిరస్కరణ వచ్చింది. ప్రధాన నిర్ధారణ మారిపోయింది కాబట్టి దీన్ని సవరణగా పరిగణించలేమనీ, కొత్త వ్యాసంగా పంపితే పరిశీలిస్తామనీ రాశారు. ఆ నిర్ణయం న్యాయమైనదే. అయినా ఆ సాయంత్రం చాలాసేపు తలుపు వేసుకుని కూర్చున్నాను. లేఖ చివర రెండో సమీక్షకుడి వ్యాఖ్య రెండు వాక్యాల్లో ఉంది. తాను అడిగినదానికంటే ఎక్కువ చెప్పారనీ, కొత్త వ్యాసం వస్తే తానే మళ్లీ చదువుతాననీ రాశాడు. ఆయన ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రెండు వాక్యాలు లేకపోతే నేను దాన్ని అక్కడితో వదిలేసి ఉండేవాడిని.

శీర్షిక మార్చి, మూడో నిర్ధారణను తీసేసి, ఆ పట్టీ గురించి చెప్పడానికి మిగిలిన రెండు బావులు చాలవని స్పష్టంగా రాసి, ఏప్రిల్ 10న కొత్తగా పంపాను. ‘అడిగిన వారికి ఇస్తాం’ అన్న వాక్యాన్ని కూడా తీసేశాను. పూర్తి దత్తాంశాన్నీ, స్కాన్లనూ జెనోడోలో పెట్టాను. 2013 నుంచి ఐరోపా కణ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడుపుతున్న ఆ భాండాగారంలో దాచుకోవడానికి రుసుము లేదు, శాశ్వత సంఖ్య కూడా ఇస్తారు. పట్టికలో ఆ 21 గడులను ఖాళీగా ఉంచి, ఒక్కోదాని పక్కన కారణం రాశాం. ఒక చిన్న సమీక్ష, చిన్న సవరణల తర్వాత సెప్టెంబరు 18న వ్యాసాన్ని అంగీకరించారు.

ఖర్చు గురించి అడిగేవారు ఉంటారు. చందాదారుల జర్నల్ పద్ధతిని ఎంచుకున్నాం కాబట్టి ప్రచురణకు రుసుము ఏమీ కట్టలేదు. అసలు ఖర్చంతా రోజుల్లోనే అయింది. నా పుస్తకం ప్రకారం ఈ పరీక్షకు మా ఐదుగురివీ కలిపి 46 పనిదినాలు పట్టాయి. మిత్రురాలు, ఆచార్యులు ఇద్దరూ ప్రతిఫలం ఏమీ తీసుకోలేదు. సహరచయితలుగా చేరమని అడిగితే వారు ఒప్పుకోలేదు. కృతజ్ఞతల్లో పేర్లు వేయడానికి మాత్రం అంగీకరించారు.

ప్రూఫులు అక్టోబరు మొదటి వారంలో వచ్చాయి. దిద్ది పంపడానికి 48 గంటలే ఇస్తారని నాకు అంతవరకు తెలియదు. ప్రయాణంలో ఉండగా ఫోనులో తెరిస్తే, ఒక పట్టికలో ఇంకుడు ప్రమాణాన్ని మిల్లీమీటర్లకు బదులు మీటర్లుగా కూర్చి ఉంది. నాలుగైదుసార్లు చదివి గానీ పంపలేదు. ‘పరిశీలించాను’ అన్న బొత్తాం నొక్కడానికి వేలు ముందుకు రాలేదు.

పని మాత్రం ఇంకా పూర్తి కాలేదు. 14వ బావి 2020 కొలతలను అంతకుముందు ఒక సదస్సు సంచికలో వచ్చిన మా వ్యాసంలో కూడా వాడుకున్నాం. అందులో ఆ కొలతలు ఒక పటంలో మాత్రమే ఉన్నాయి, నిర్ధారణలు వాటి మీద ఆధారపడలేదు. అయినా దిద్దుబాటు ప్రకటన వేయమని 2023 జూన్ 12న సంచిక సంపాదకులకు రాశాను. ఆరు వారాల తర్వాత అందిందని జవాబు వచ్చింది. అక్టోబరు 30న మళ్లీ రాశాను. ప్రకటన ఇంకా రాలేదు. మరో నెల చూసి, ఆ పటాన్నీ, 21 ఖాళీ గడులతో ఉన్న కొత్త పట్టికనూ జతచేసి మూడోసారి రాయబోతున్నాను.